హీట్ పంపు ఆగిన రాత్రి

మీ పిల్లలో బంధువులో అమెరికాలో ఉంటే "మా ఇంట్లో హీట్ పంపు పాడైంది" అనే మాట ఫోనులో ఎప్పుడో ఒకసారి వినే ఉంటారు. అదేదో నీళ్ల పంపు కాబోలు అనుకున్నవారూ ఉంటారు. ఈ దేశం వచ్చిన కొత్తలో మేము కూడా అలాగే అనుకున్నాం. ఆ పంపు వల్ల ఒక చలి రాత్రి మా ఇల్లు ఎంత కలవరపడిందో, ఆ తరువాత మా ఇంటి ఖర్చుల పద్ధతి ఎలా మారిందో ఈ నెల మీతో చెప్పుకోవాలని ఉంది. ఇదే ఇబ్బంది రేపు మరొక కుటుంబానికి రావచ్చు గదా!

ఆ రాత్రి

మేముండేది నార్త్ కరోలినా రాష్ట్రంలో, రాలీ నగరానికి దగ్గర. ఇక్కడి చలి ఉత్తర రాష్ట్రాల చలి అంత కఠినం కాదు. కాని 2018 జనవరి మొదటి వారంలో మాత్రం చలి పట్టిన పట్టు విడవలేదు. సరిగ్గా ఆ వారంలోనే మా ఇంట్లో వెచ్చదనం తగ్గడం మొదలైంది. గోడమీది థర్మోస్టాట్‌లో మేము పెట్టుకున్నది 70 డిగ్రీలు. సాయంత్రానికి అది 63కు దిగింది. ఇంట్లో ఆరు వారాల పసిబిడ్డ, తెనాలి నుండి మనవరాలిని చూడవచ్చిన అమ్మ ఉన్నారు. బయట పెట్టిన యంత్రంలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. లోపల మాత్రం ఏదో కాసేపు మూలిగి ఆగిపోతోంది.

రాత్రి వేళ కూడా వచ్చే ఒక సర్వీసు కంపెనీకి ఫోను చేశాం. వచ్చినాయన టార్చిలైటు వేసి చూశాడు. "కంప్రెసరు పోయింది. యంత్రానికి తొమ్మిదేళ్లు. పాత గ్యాసు. దీనికి డబ్బు పెట్టడం దండగ" అన్నాడు. కొత్త యంత్రం 9,800 డాలర్లు. ఆ రాత్రే సంతకం పెడితే 500 తగ్గిస్తారట. చేతిలో డబ్బు లేకపోతే నెలవారీ అప్పు కూడా వారే ఇప్పిస్తారట. మొత్తం ఆపు చేసి "ఇక దీన్ని వేయకండి" అని కాగితాలు బల్లమీద పరిచాడు.

అప్పటికి మా బ్యాంకులో ఉన్నది 3,000 డాలర్ల లోపు. బిడ్డ పుట్టిన ఆసుపత్రి బిల్లు ఇంకా తీరలేదు. అయినా మాలో ఒకరు కలం తీశారు. పసిబిడ్డ చలికి ముడుచుకుని ఉంటే లెక్కలు ఎవరికి గుర్తుంటాయి? అప్పుడు అమ్మ శాలువా కప్పుకుని వచ్చి, "ఏమిటి బాబూ, ఏమంటున్నాడు?" అని అడిగింది. చెప్పాం. "ఫ్యాను తిరగకపోతే కండెన్సరు మారుస్తాం గాని ఫ్యానే మార్చేస్తామా? పొలంలో మోటారు మూలిగితే మీ నాన్నగారు ముందు స్టార్టరు, కండెన్సరు చూపించేవారు. అది చూశాడా?" అంది.

అమెరికా యంత్రం సంగతి అమ్మకేం తెలుస్తుందని మాకు నవ్వు వచ్చింది. కాని ఆ ప్రశ్న వల్ల కలం ఆగింది. "ఉదయం చెబుతాం" అని ఆయనను పంపించాం. వచ్చినందుకు 129 డాలర్లు తీసుకుని వెళ్లాడు.

వెంటనే మా తెలుగు సంఘంలో ఒక పెద్దాయనకు ఫోను చేశాం. పెద్ద భవనాల మెయింటెనెన్సు పనిచేసి రిటైరయినవారు. "బాబాయిగారూ, ఇలా అయింది" అంటే ఆయన అడిగిన మొదటి మాట, "సంతకం పెట్టలేదు గదా?" రెండవ మాట, "మీ థర్మోస్టాట్‌లో ఈఎం హీట్ అని ఉంటుంది, అది పెట్టమ్మా." పెట్టాం. పది నిమిషాల్లో గాలి గొట్టాల నుండి వేడి గాలి వచ్చింది. రెండేళ్లుగా రోజూ చూస్తున్న మీట అది. దేనికో మేము ఎన్నడూ తెలుసుకోలేదు!

మర్నాడు ఆయన చెప్పిన మెకానిక్కు వచ్చాడు. కరెంటు తీసి, యంత్రం పక్క రేకు విప్పి, మీటరు పెట్టాడు. కండెన్సరు మీద 45 మైక్రోఫారడ్లు అని రాసి ఉంది. మీటరులో చూపినది 6. కొత్తది బిగించగానే కంప్రెసరు పని మొదలుపెట్టింది. ఖర్చు, ఆయన వచ్చిన రుసుముతో కలిపి, 240 డాలర్లు. అమ్మ ఏమీ అనలేదు గాని, ఆ పూట కాఫీ ఆమె చేతుల మీదుగానే అందరికీ అందింది.

మొదట వచ్చినాయనది మోసమో తొందరపాటో మాకు తెలియదు. నింద వేయం. ఆయన మీటరు తీయలేదన్నది మాత్రం మేము కళ్లారా చూశాం.

ఇంతకీ ఈ పంపు ఏమిటి?

మన ఇళ్లలో ఏసీ వేసినప్పుడు బయటి పెట్టె దగ్గర నిలబడితే వేడి గాలి కొడుతుంది. గదిలోని వేడిని తీసి బయట పారబోయడమే ఏసీ పని. హీట్ పంపు కూడా అదే యంత్రం. అయితే గ్యాసు నడిచే దిశను తిప్పే కవాటం ఒకటి దీనిలో ఎక్కువగా ఉంటుంది. రివర్సింగ్ వాల్వు అంటారు. వేసవిలో వేడిని బయటికి తోస్తుంది, చలికాలంలో బయటి గాలిలో ఉన్న కొద్దిపాటి వేడిని పట్టి ఇంట్లోకి తెస్తుంది. వేడిని పుట్టించదు, మోసుకొస్తుంది. అందుకే ఒక యూనిట్టు కరెంటుకు, ఓ మోస్తరు చలిలో, రెండు మూడు యూనిట్ల వేడి ఇవ్వగలుగుతుంది.

చలి బాగా ముదిరినప్పుడు తోడుగా ఉండేందుకు ఇంటి లోపలి పెట్టెలో హీటరు తీగలు కూడా పెడతారు. పంపు పూర్తిగా పాడైనా ఈఎం హీట్ మీట పెడితే ఆ తీగలు మాత్రమే పనిచేసి ఇంటిని కాపాడతాయి. దానికి కరెంటు ఎక్కువ. పది కిలోవాట్ల తీగలు గంటసేపు పనిచేస్తే పది యూనిట్లు. ఆ రోజుల్లో మా బిల్లు ప్రకారం గంటకు డాలరు పైచిలుకు. రెండు రోజులకు మాకు అదనంగా అయినది ముప్పై నలభై డాలర్లు. ఆ కొద్ది సొమ్ముతో రెండు రోజులు నిదానంగా ఆలోచించే వ్యవధి దొరికింది. ఇంట్లో ఈ యంత్రం ఉన్నవారు ఈ ఒక్క మీట ఎక్కడ ఉందో ఈ రోజే చూసుకోండి.

ఇంకొక మాట. చలిలో బయటి పెట్టె మీద మంచు పేరుకోవడం, అప్పుడప్పుడు అది దిశ మార్చుకుని ఆ మంచును కరిగించుకోవడం, అప్పుడు పొగలాగా ఆవిరి లేవడం సహజం. దానికి భయపడి ఎవరినీ పిలవనవసరం లేదు. మంచు గంటల తరబడి కరగకుండా గడ్డకట్టి ఉంటేనే పిలవాలి.

భాగం వెదికే పద్ధతి

ఆ తరువాత మేము చేసిన మొదటి పని, ఒక నోటుపుస్తకం తెరవడం. బయటి పెట్టెకు ఒక రేకు పలక అతికించి ఉంటుంది. దానిమీది మోడల్ నంబరు, సీరియల్ నంబరు, గ్యాసు రకం రాసుకున్నాం. లోపలి పెట్టె పలక కూడా అంతే. ఈ నంబర్లు లేకుండా ఏ దుకాణమూ సరైన భాగం ఇవ్వలేదు. ఎప్పుడు ఏ భాగం మార్చారో, ఎంత అయిందో దానిలోనే రాస్తున్నాం.

భాగాలు రెండు తెగలని మాకు తెలిసింది. కెపాసిటరు, కాంటాక్టరు, చిన్న ట్రాన్స్‌ఫార్మరు, బయటి ఫ్యాను మోటారు వంటివి చాలావరకు ఏ కంపెనీ యంత్రానికైనా సరిపడేవి దొరుకుతాయి. కొలత కలిస్తే చాలు. కెపాసిటరుకు మైక్రోఫారడ్లు పాతదానితో సమానంగా ఉండాలి. వోల్టులు సమానంగాగాని ఎక్కువగాగాని ఉండవచ్చు. 370 వోల్టుల చోట 440ది పెట్టవచ్చు, 440 చోట 370ది పెట్టకూడదు. ఇక కంట్రోలు బోర్డు, లోపలి గాలి మోటారు తాలూకు ఎలక్ట్రానిక్ పెట్టె, రివర్సింగ్ వాల్వు, కంప్రెసరు లాంటివి ఆ మోడలుకు చెప్పినవే కావాలి. పాత భాగం తయారీ ఆగిపోతే కంపెనీలు దానికి బదులు వేరే నంబరు ఇస్తాయి. "ఈ నంబరుకు బదులు ఏది వచ్చింది?" అని అడగాలి.

పేరు వేరైనా తయారీదారు ఒకరే కావచ్చు. క్యారియర్, బ్రయంట్, పేన్ ఒకే ఇంటివి. ట్రేన్, అమెరికన్ స్టాండర్డ్ కూడా అంతే. గుడ్‌మన్, అమానా కూడా ఒకే ఇంటివే. ఒక పేరుతో దొరకని భాగం ఇంకొక పేరుతో దొరికిన సందర్భాలున్నాయి.

మాటల దగ్గర కూడా జాగ్రత్త. మన ఊళ్లో కండెన్సరు అనేది ఇక్కడ కెపాసిటరు. ఇక్కడ కండెన్సరు అంటే బయటి పెట్టె మొత్తం! ఫోనులో "కండెన్సరు మార్చాలి" అంటే వేల డాలర్ల ధర చెబుతారు.

భాగం మనమే చవకగా కొని తెస్తే సరిపోతుంది గదా అనిపిస్తుంది. మా కండెన్సరు విడిగా ఇరవై ముప్పై డాలర్లకే దొరికేది. కాని చాలామంది మెకానిక్కులు మనం తెచ్చిన భాగాన్ని బిగించరు, బిగించినా హామీ ఇవ్వరు. కరెంటు భాగాలను చాలా దుకాణాలు వాపసు తీసుకోవు. పైగా కరెంటు తీసిన తరువాత కూడా కెపాసిటరులో షాకు కొట్టేంత శక్తి నిలిచి ఉండవచ్చు. కనుక దానిలో చేయి పెట్టవద్దని మా మనవి. ఇంటివాళ్లు చేయదగినవి వేరే ఉన్నాయి. ఒకటి నుండి మూడు నెలలకొకసారి ఫిల్టరు మార్చడం, బయటి పెట్టె చుట్టూ ఆకులూ తీగలూ లేకుండా రెండడుగుల ఖాళీ ఉంచడం, థర్మోస్టాట్ బ్యాటరీలు చూడడం. బ్రేకరు పడితే ఒక్కసారి వేసి చూడవచ్చు. మళ్లీ పడితే వదిలేసి మెకానిక్కును పిలవాలి.

వారంటీ కాగితం విలువ కూడా అప్పుడే తెలిసింది. కొత్త యంత్రం పెట్టించిన 60 లేక 90 రోజుల్లో పేరు నమోదు చేసుకుంటే చాలా కంపెనీలు భాగాలకు పదేళ్లు హామీ ఇస్తాయి. చేసుకోకపోతే సాధారణంగా ఐదేళ్లే. ఇల్లు చేతులు మారితే ఆ హామీ తగ్గిపోవచ్చు. కూలి మాత్రం సాధారణంగా మనదే. మేము ఈ ఇల్లు 2015లో వేరేవారి దగ్గర కొన్నాం. కాగితాలు అడగలేదు, వారు ఇవ్వలేదు.

గ్యాసు అయిపోదు

"గ్యాసు తగ్గింది, పట్టిస్తే సరిపోతుంది" అనే మాట ఇక్కడా వింటాం, విజయవాడలో ఏసీ మెకానిక్కు నోటా వింటాం. పొయ్యి గ్యాసులాగా ఇది ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉండేది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారే చోటు మూయకుండా ఏడాదికొకసారి గ్యాసు పట్టించడం చిల్లు బిందెలో నీళ్లు పోయడమే.

మా పాత యంత్రంలో ఉన్నది ఆర్-22 గ్యాసు. ఓజోను పొరకు చేటని అమెరికాలో దాని తయారీ, దిగుమతి 2020 జనవరి 1 నుండి ఆపివేశారు. అప్పటినుండి పాత నిల్వలూ, పాత యంత్రాల నుండి తీసి శుద్ధి చేసినదీ మాత్రమే దిక్కు. 2025 నుండి తయారయ్యే కొత్త ఇంటి యంత్రాల్లో ఎక్కువగా ఆర్-32 లేక ఆర్-454బి ఉంటోంది. ఏ గ్యాసు యంత్రంలో ఆ గ్యాసే ఉండాలి. ఈ గ్యాసు పని చేయడానికి ఇక్కడి చట్టం ప్రకారం అర్హతపత్రం ఉండాలి. కాబట్టి ఇది ఇంటివాళ్లు ముట్టుకునే పని కానే కాదు.

పోపుల డబ్బా లెక్క

తెనాలి తిరిగి వెళ్లేముందు అమ్మ ఒక మాట అడిగింది. "జీతాలు ఇంత వస్తున్నాయి, ఆ రాత్రి మీ దగ్గర పోపుల డబ్బాలో సొమ్ము లేదేమమ్మా?" ఆ మాటకు మాకు సిగ్గు వేసింది. ఇంటికి, కారుకు, చదువుకు లెక్క వేసుకున్నాం గాని, ఇంట్లో ప్రతి యంత్రమూ ఒకనాటికి ఆగిపోతుందనే లెక్క వేసుకోలేదు.

ఇద్దరమూ కూర్చుని కాగితం మీద రాశాం. కొత్త యంత్రం ధర 9,800 అనుకుందాం. సుమారు పదిహేనేళ్లు నడుస్తుందనుకుంటే 180 నెలలు. నెలకు 55 డాలర్లు పక్కన పెట్టాలి. ఏడాదికొకసారి శుభ్రం చేయించడానికి 150, అంటే నెలకు 13. చిన్న మరమ్మతులకు నెలకు 25. మొత్తం 93. మేము వంద అనుకున్నాం. 2018 ఫిబ్రవరి నుండి వేరే ఖాతాలో నెలకు వంద డాలర్లు వేయడం మొదలుపెట్టాం. అంత వీలుకాని ఇంట్లో నలభైతో మొదలుపెట్టినా ఏడాది తిరిగేసరికి 480 అవుతుంది. మా ఆ రాత్రి మరమ్మతు 240 గదా!

మరమ్మతా, కొత్తదా అని తేల్చుకోవడానికి ఈ దేశంలో ఒక మోటు లెక్క వాడుతారు. మరమ్మతు ఖర్చును యంత్రం వయసుతో గుణించాలి. 5,000 దాటితే కొత్తదాని గురించి ఆలోచించాలి, లోపు ఉంటే బాగుచేయించుకోవాలి. మాది 240 ఇంటూ 9, అంటే 2,160. బాగుచేయించడమే సరి. ఇది శాసనం కాదు, ఆలోచనకు ఒక ఆసరా మాత్రమే.

రెండవసారి

2020లో కాంటాక్టరులో చీమలు చేరి అది కాలిపోయింది. 190 డాలర్లు అయింది. ఆ ఖాతాలోనుండే ఇచ్చాం. ఇంట్లో ఎవరి గొంతూ పెరగలేదు.

2023 సెప్టెంబరులో సర్వీసుకు వచ్చిన మెకానిక్కు లోపలి కాయిలు కారుతోందని చూపించాడు. కొత్త కాయిలు, పాత గ్యాసు కలిపి 2,600 డాలర్లు. యంత్రానికి పద్నాలుగేళ్లు. గుణిస్తే 36,400. ఈసారి లెక్క రెండవ వైపు చూపింది. ఆ కాయిలు మార్చినా, ఆ గ్యాసు మీద ఆధారపడిన యంత్రమే మిగులుతుంది.

అప్పటికి చలి రాలేదు, వేడి పోయింది. తొందర లేదు. మూడు కంపెనీల దగ్గర రాతపూర్వకంగా ధరలు తీసుకున్నాం. 10,400, 11,900, 13,200. పది రోజులు ఆలోచించి మొదటిది ఎంచుకున్నాం. అరవై ఎనిమిది నెలల్లో మేము వేసినది 6,800. ఐదేళ్ల సర్వీసులు 750, కాంటాక్టరు 190 పోను మిగిలినది 5,860. ఇంకా 4,540 తక్కువ పడింది. అది వేరే పొదుపులోనుండి తీశాం. అప్పు చేయలేదు. ఆ సంవత్సరం అర్హతగల హీట్ పంపులకు పన్నులో 2,000 డాలర్ల వరకు రాయితీ ఉండేది. మర్నాటి ఏడు అది మాకు కలిసివచ్చింది. ఆ రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసింది. కాబట్టి ఇప్పుడు కొనేవారు దాన్ని లెక్కలో వేసుకోకూడదు. రాష్ట్రమో కరెంటు కంపెనీయో ఏమైనా ఇస్తున్నదేమో మాత్రం కొనకముందే అడగాలి.

ఈసారి యంత్రం బిగించిన వారంలోనే వారంటీ నమోదు చేసుకున్నాం. ఆ కాగితం మా నోటుపుస్తకంలో అతికించి ఉంది. ధరలు పెరుగుతున్నాయి గనుక ఇప్పుడు నెలకు 120 వేస్తున్నాం.

మీకు మా మనవి

మెకానిక్కు వచ్చినప్పుడు మర్యాదగానే ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ భాగం పాడైంది? మీటరులో ఎంత చూపింది, ఎంత ఉండాలి? భాగానికి ఎంత, కూలికి ఎంత? పాత భాగం మాకు చూపిస్తారా? నిజాయితీగల పనివాడు ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. మా రెండవ మెకానిక్కు అడగకముందే అన్నీ చూపించాడు. అందుకే ఇన్నేళ్లుగా ఆయననే పిలుస్తున్నాం.

"ఈ రాత్రే సంతకం పెట్టాలి" అని ఎవరైనా తొందరపెడితే మాత్రం ఈఎం హీట్ పెట్టుకుని, పిల్లలకు దుప్పటి కప్పి, ఉదయం దాకా ఆగండి. తెలిసిన పెద్దవారికి ఒక్క ఫోను చేయండి. ఆంధ్రాలో ఏసీ అయినా, అమెరికాలో హీట్ పంపు అయినా ఈ పద్ధతి ఒకటే.

ఆ పాత కండెన్సరు ఇప్పటికీ మా వంటింటి అలమరలో ఉంది. ఆనాటి పసిబిడ్డ ఇప్పుడు బడికి వెళుతోంది. మొన్న అది చూసి "ఈ డబ్బా ఏమిటి?" అని అడిగింది. "మీ అమ్మమ్మ మనకు మిగిల్చిన తొమ్మిది వేల డాలర్లు" అని చెప్పాం.